రెండోసారి డాక్‌లోకి

కాగితం మీద సంతకం పెట్టమన్నారు.
చదివే పెడతానన్నాను.
ముప్పైనాలుగేళ్లు షిప్‌యార్డులో ఫిట్టర్ని,
డ్రాయింగు చూడకుండా స్పానర్ పట్టిన రోజు లేదు.

తుంటిలో గుండు వేసి పదిహేడేళ్లు.
అప్పుడు నాకు అరవై రెండు.
గిన్నెలో ప్లాస్టిక్ అరిగిందట,
అరిగిన పొడి ఊరుకోక
చుట్టూ ఉన్న ఎముకని తినేసిందట.
డాక్టర్ హైమజ ఎక్స్‌రే వెలుతురుకి పట్టింది.
తెల్లగా ఉండాల్సిన చోట
ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడ.

ఇందులో నాకు తెలియనిదేముంది.
షాఫ్టు బుష్ అరిగితే
ముందు చప్పుడు చెబుతుంది,
తర్వాత వణుకు చెబుతుంది,
ఆపైన సముద్రమే లోపలికొచ్చి చెబుతుంది.
నాకూ చెప్పింది,
కుర్చీలోంచి లేచిన మొదటి మూడడుగుల్లో.
నాలుగో అడుగుకి సర్దుకునేది.
సర్దుకుంది కదా అని
నూకరత్నం దగ్గర రెండేళ్లు దాచాను.
సిటీబస్సు మెట్టు దాచనివ్వలేదు.

"మొదటిసారిలా కాదు తాతగారూ.
పాత కడ్డీ ఊడదీయాలి,
సిమెంటు పట్టు వదలకపోతే ఎముక చీలొచ్చు.
రక్తం ఎక్కువ పోతుంది.
చీము పడితే మళ్ళీ తెరవాలి.
కీలు జారొచ్చు, పదిమందిలో ఒకరికి.
కాలు పొట్టవ్వొచ్చు. గుండె..."
అని ఆగి
నా ఈసీజీ కాగితం మడత పెట్టింది.

"చేయించుకోకపోతే?"
"మంచం."
ఆ ఒక్క మాటకీ
ఫారంలో గడి లేదు.

క్లియరెన్స్ ఎంత పెడతారని అడిగాను.
నవ్వి, మిల్లీమీటరు కన్నా తక్కువంది.
అప్పుడు పెట్టాను సంతకం.

రాత్రి వార్డు కిటికీలోంచి
సముద్రం కనపడదు, వినపడుతుంది.
ముసలి ఓడ డాక్‌లోకొస్తే
మేమూ దాని పొట్టకిందే నిలబడి అనుకునేవాళ్ళం,
కొత్త రేకుకి పాత రేకు ఓర్చుకుంటుందా,
తుక్కుకి అమ్మేస్తే పోదా అని.
కొన్ని మరో పదేళ్లు తిరిగాయి.
ఒకటి గేటు దాటకముందే నీళ్లు పట్టింది.
బోల్టులు రెంటికీ ఈ చేతులే బిగించాయి.

తినేసిన చోట నింపడానికి ఎముక కావాలన్నారు.
చలిపెట్టెలో ఉందట,
ఎవరికో తుంటి మార్చినప్పుడు తీసి దాచినది.
ఎవరిదంటే చెప్పరట.
ఆడో మగో, ఏ ఊరో, ఏ ఇంటిపేరో.
మా నాన్నయితే లేచి వెళ్ళిపోయేవాడు,
మా వీధి బావి దగ్గర
కొందర్ని నిలబడనిచ్చేవాడు కాదు.
ఇప్పుడు దాన్ని నేను మోస్తున్నానో
అదే నన్ను మోస్తోందో.

ఐదు గంటలు. మూడు సంచుల రక్తం.
పదకొండో రోజు జారిన సబ్బు కోసం వంగాను.
టక్కుమంది.
ఆ కేక నాదేనని తర్వాత తెలిసింది.
మత్తిచ్చి, లాగి,
గుండుని గిన్నెలో మళ్ళీ కూర్చోబెట్టారు.

పక్క మంచం దాలినాయుడిది ఏ చప్పుడూ చెయ్యలేదు.
బాగా కుదిరిందన్నారు, మెచ్చుకున్నారు.
ఇరవయ్యో రోజు ఊపిరితిత్తుల్లోకి రక్తపుగడ్డ.
అతని వాకరు గోడకి ఆనుకుని రెండు రోజులుంది.
ఎవరూ తీయలేదు,
నేనూ అడగలేదు.

ఏడాదైంది.
ఎడమకాలు వేలెడు మందం పొట్టి.
చెప్పు కింద తోలుముక్క నేనే కోసి అతికించాను,
షిమ్ము వెయ్యడం నాకొకరు నేర్పాలా.
బీచ్ రోడ్డు పిట్టగోడ దాకా వెళ్తాను.
ఇసకలోకి దిగొద్దన్నారు, దిగను.
ఒకసారి దిగాను.

పొద్దున్నే కుర్చీ చేతుల మీద బరువేసి లేస్తాను.
ఒకటి.
రెండు.
వంటింట్లో నూకరత్నం గరిట ఆగిపోతుంది.
మూడు.
నాలుగో అడుగు పడ్డాక
మళ్ళీ పోపు చిటపట.